ఆ గ్యాస్ ఎటు పోతోంది? చిన్న ఆయిల్ కంపెనీలో పెట్టుబడి – ఒక కేస్ స్టడీ

చిన్న ఆయిల్ కంపెనీ షేరు కొనేముందు మనవాళ్లు మామూలుగా మూడు చూస్తారు. రోజుకి ఎన్ని బ్యారెళ్లు తీస్తున్నారు, బ్యారెల్ ధర ఎలా ఉంది, కంపెనీకి అప్పు ఎంత. ఆయిల్‌తో పాటు అదే బావిలోంచి పైకొచ్చే గ్యాస్ ఎటు పోతోందని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఈ కేసులో నిర్ణయం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే తిరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను, ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు గుండ్రంగా చేశాను.

మా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో. సీఏగా నా పని ఎక్కువగా పన్నులు, ఆడిట్లు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలు పెరిగాక విదేశీ పెట్టుబడుల కాగితాల పని కూడా బాగా పెరిగింది. ఈ కేసులో పెట్టుబడిదారు గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ల తరబడి కమిషన్ వ్యాపారం చేసి ఇప్పుడు కొట్టు కొడుక్కి అప్పజెప్పిన పెద్దాయన, నాకు వరసకి బాబాయ్. స్థలం అమ్మిన డబ్బు చేతికొచ్చింది. ఆయన తమ్ముడి కొడుకు మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడికి పక్క రాష్ట్రమే నార్త్ డకోటా. ఆ రాష్ట్రంలో బాకెన్ అనే చోట బావులున్న ఒక చిన్న లిస్టెడ్ కంపెనీ గురించి వాడు చెప్పాడు. ఉత్పత్తి ఏడాదిలో రెట్టింపైంది, షేరు పుస్తక విలువ కన్నా తక్కువకి దొరుకుతోంది, డివిడెండ్ మొదలుపెడతాం అంటున్నారు. వాడు తెచ్చిన ఇంకో ప్రతిపాదన, షేర్లు కాకుండా నేరుగా బావుల్లోనే వాటా కొనడం, దాన్ని వర్కింగ్ ఇంటరెస్ట్ అంటారు.

రెండోది నేను మొదటి రోజే పక్కన పెట్టేశాను. బావిలో నేరుగా వాటా అంటే ఖర్చులోనూ వాటా, రేపు బావి మూసేటప్పుడు అయ్యే ఖర్చులోనూ వాటా. పైగా అమెరికా దృష్టిలో అది అక్కడ చేస్తున్న వ్యాపారం కింద లెక్క, ఏటా అక్కడ రిటర్ను వేయాలి. గుంటూరులో కూర్చుని ఆ తలనొప్పి పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు. షేర్లయితే ఎల్‌ఆర్‌ఎస్ (మనం విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది, అది తర్వాత పన్నులో సర్దుకుంటుంది. ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మాత్రం మర్చిపోకూడదు, దాచారని తేలితే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా పడే అవకాశం ఉంటుంది. కాగితాల గొడవ ఇంతే.

అసలు ప్రశ్న వేసింది పిన్ని గారు. ఆవిడ పుట్టిల్లు కోనసీమలో, రాజోలు వైపు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకి పైగా మంట ఆరకుండా మండిన సంగతి ఆ ప్రాంతం వాళ్లెవరూ మర్చిపోలేదు. అది ప్రమాదం, ఫ్లేర్, అంటే కంపెనీ కావాలని గ్యాస్‌ని కాల్చే మంట, వేరు, ఆవిడకి ఆ తేడా బాగా తెలుసు. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా కొబ్బరి తోటల వెనక రాత్రంతా వెలుగుతూ ఉండే గ్యాస్ మంటలు చూసిన మనిషి. బాబాయ్ గారు ల్యాప్‌టాప్‌లో కంపెనీ ప్రెజెంటేషన్ చూపిస్తుంటే ఒక ఫొటోలో వెనకాల మంట కనపడింది. "ఏవమ్మాయ్, ఆ మంట ఇళ్లకి ఎంత దూరంలో ఉంటుంది?" అని నన్నడిగారు. ఆ ప్రెజెంటేషన్‌లో ఎక్కడా దాని గురించి ఒక్క ముక్క లేదు. ఫొటో మాత్రం ఉంది.

ఫ్లేరింగ్ ఎందుకు చేస్తారో ముందు చెప్పాలి. భూమి లోపల ఒత్తిడిలో ఉన్నంతసేపు గ్యాస్ ఆయిల్‌లో కరిగి ఉంటుంది, పైకి రాగానే విడిపోతుంది. ఆయిల్‌ని ట్యాంకులో నిలవ పెట్టి లారీలో తోలొచ్చు. గ్యాస్‌కి ఆ సౌకర్యం లేదు, పైపులైను ఉండాలి, దాన్ని నెట్టడానికి కంప్రెసర్ ఉండాలి, అవతల శుద్ధి చేసే ప్లాంటులో ఖాళీ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కంపెనీ ముందు మామూలుగా రెండే దారులు, బావి ఆపడం లేదా గ్యాస్‌ని కాల్చెయ్యడం. ఊరికే గాల్లోకి వదిలేయడం కన్నా కాల్చడం మేలే, ఎందుకంటే ఈ గ్యాస్‌లో ముఖ్యంగా ఉండే మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకి పైగా వేడి పెంచుతుంది. భద్రత కోసం, ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు కాల్చడం ప్రతి చోటా ఉంటుంది, దానితో నాకు పేచీ లేదు. గొడవల్లా రోజువారీ పద్ధతిగా కాల్చడంతోనే. దాన్ని 2030 కల్లా ఆపాలని ప్రపంచ బ్యాంకు 2015లో ఒక ఒప్పందం మొదలుపెట్టింది. అయినా వాళ్ల లెక్క ప్రకారమే 2024లో ప్రపంచం మొత్తం మీద సుమారు 151 బిలియన్ ఘనపు మీటర్ల గ్యాస్ ఇలా కాలిపోయింది, అది అంతకుముందు ఏడాది కన్నా ఎక్కువ.

నార్త్ డకోటా విషయంలో ఇన్వెస్టరుకి ఒక వరం ఉంది. అక్కడి ప్రభుత్వం ప్రతి నెలా బావి వారీగా ఉత్పత్తి నివేదిక వెబ్‌సైట్‌లో పెడుతుంది. బావి పేరు, ఎన్ని రోజులు నడిచింది, ఆయిల్ ఎంత, నీళ్లు ఎంత, గ్యాస్ ఎంత వచ్చింది, ఎంత అమ్మారు, ఎంత కాల్చారు, ఇవన్నీ వరుసగా కాలమ్స్. కంపెనీ వాళ్లు ప్రెజెంటేషన్‌లో ఏం రాసుకున్నా ఈ పట్టికలో ఉండేది వాళ్లే ప్రభుత్వానికి ఇచ్చిన లెక్క. నేను కంపెనీ వాటా ఉన్న బావుల్ని ఆ పట్టికలో వెతికి, కాల్చిన గ్యాస్‌ని వచ్చిన గ్యాస్‌తో భాగించి ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకున్నాను. పాత బావులు బాగానే ఉన్నాయి, వచ్చిన గ్యాస్‌లో దాదాపు అంతా అమ్ముడవుతోంది. ఉత్పత్తి రెట్టింపు కావడానికి కారణమైన కొత్త బావుల దగ్గరే తేడా కొట్టింది. ఒక జంట బావుల దగ్గర వచ్చిన గ్యాస్‌లో 62 శాతమే పైపులైనులోకి పోతోంది, మిగతాది మంట.

రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఇది ఎంత దూరమో తెలుస్తుంది. 2014 మొదట్లో నార్త్ డకోటాలో వచ్చిన గ్యాస్‌లో మూడో వంతు కాలిపోయేది. ఆ ఏడాది రాష్ట్ర ఇండస్ట్రియల్ కమిషన్ ఒక ఉత్తర్వు తెచ్చి, కాల్చకుండా పట్టుకోవాల్సిన గ్యాస్ వాటాని మెట్లు మెట్లుగా పెంచుకుంటూ 2020 నవంబరు నుంచి 91 శాతం చేసింది. రాష్ట్ర సగటు ఇప్పుడు ఆ లక్ష్యాన్ని దాటే ఉంది. కాబట్టి "ఇది పరిశ్రమ మొత్తానికి ఉన్న సమస్య" అన్న మాట ఇక్కడ చెల్లదు. పక్క కంపెనీలు లైను వేసుకుని గ్యాస్ అమ్ముకుంటున్న చోటే ఈ కంపెనీ లైను లేకుండా డ్రిల్లింగ్ చేసింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అక్కడ కొత్త బావిని ఆరు నెలల పాటు కాన్ఫిడెన్షియల్‌గా ఉంచుకునే వీలుంది, ఆ కాలంలో పట్టికలో ఆ బావికి గ్యాస్ ఎంత వచ్చింది, ఎంత కాల్చారు అన్న గడులు ఖాళీగా ఉంటాయి. గ్యాస్ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఆ మొదటి నెలల్లోనే. అంటే మంట పెద్దదిగా ఉన్నప్పుడే లెక్క బయటికి కనపడదు. వ్యాపార రహస్యం కోసం పెట్టిన సౌకర్యం అది, చట్టబద్ధమే, కానీ ఇన్వెస్టరు ఆ ఖాళీ గడుల్ని సున్నా అనుకోకూడదు. మేం చూస్తున్నప్పుడు ఈ కంపెనీకి అలాంటి బావులు కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. బాబాయ్ గారికి ఇది అర్థమైతే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు. ఆ రెండు బావులూ కలిపి రోజుకి 1,000 బ్యారెళ్లు, బ్యారెల్‌కి 2,500 ఘనపు అడుగుల గ్యాస్ అనుకుందాం. మొత్తం గ్యాస్ 25 లక్షల ఘనపు అడుగులు, అందులో 38 శాతం అంటే తొమ్మిదిన్నర లక్షలు మంటలపాలు. వెయ్యి అడుగులకి 2 డాలర్లు వేసుకుంటే రోజుకి పోయేది 1,900 డాలర్లు. అదే ఆయిల్ బ్యారెల్ 70 డాలర్ల చొప్పున రోజుకి 70,000 డాలర్లు. అంటే కాలిపోతున్న గ్యాస్ విలువ ఆయిల్ డబ్బులో మూడు శాతం కూడా లేదు. ఇది వినగానే బాబాయ్ గారు, "దానికోసం ఇంత టెన్షన్ ఎందుకమ్మాయ్, తాలు కాయలు ఏరి పారేసినట్టే కదా" అన్నారు. కంపెనీలు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచిస్తాయి, అందుకే లైను కోసం ఆగరు.

కానీ ఆ 2014 ఉత్తర్వులో ఇంకో ముక్క ఉంది. లక్ష్యం అందుకోని కంపెనీ బావుల మీద ఆయిల్ ఉత్పత్తికే పరిమితి పెట్టొచ్చు. నెలలో వచ్చిన గ్యాస్‌లో 60 శాతమైనా పట్టుకుంటే బావికి రోజుకి 200 బ్యారెళ్లు, అంతకన్నా తగ్గితే 100 బ్యారెళ్లు మాత్రమే. తర్వాతి ఏళ్లలో మినహాయింపులు కొన్ని చేర్చారు, పైపులైను దారికి అనుమతి ఆలస్యమైతే, ప్లాంటు ఆగిపోతే, ఇలాంటివి. అయినా లెక్క వేసి చూడండి. పరిమితి పడితే ఆ రెండు బావుల ఉత్పత్తి 1,000 నుంచి 400కి పడిపోతుంది, రోజుకి 42,000 డాలర్ల ఆదాయం ఆగిపోతుంది. 62 శాతం కాస్తా 59 అయితే 400 కూడా లేదు, 200. కాలిన గ్యాస్ విలువ 1,900 డాలర్లే, దాని వెనక ప్రమాదంలో ఉన్నది అంతకు ఇరవై రెట్లకి పైగా డబ్బు. పైగా ఏడాది దాటినా కాలుస్తూనే ఉంటే ఆ రాష్ట్ర చట్టం ప్రకారం, మినహాయింపు దొరికితే తప్ప, కాల్చిన గ్యాస్ మీద కూడా రాయల్టీ, పన్ను కట్టాలి. కాగితం మీద ఇది చూపించాక బాబాయ్ గారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే వాళ్లనే అడుగుదాం" అన్నారు.

కంపెనీకి ఈమెయిల్ రాశాం. కొత్త బావుల గ్యాస్‌కి లైను ఎప్పుడు వస్తుంది, గ్యాస్ తీసుకునే కంపెనీతో ఒప్పందం ఎలాంటిది, కాన్ఫిడెన్షియల్ బావుల్లో ఎంత కాలుస్తున్నారు, ఫ్లేర్‌కి దగ్గరలో ఇళ్లెన్ని. చిన్న కంపెనీల్లో ఒక మంచి గుణం, సూటిగా అడిగితే బాధ్యత ఉన్న మనిషే జవాబిస్తాడు. వాళ్లూ మర్యాదగానే రాశారు. మొదటి జవాబు, "మేం రాష్ట్ర లక్ష్యం అందుకుంటున్నాం" అని. అది నిజమే కావచ్చు, పాత బావులు కలిపి, మినహాయింపు దొరికిన గ్యాస్ తీసేసి లెక్కవేస్తే. రెండోది, వాళ్ల వార్షిక నివేదికలో ఫ్లేరింగ్ అంకె అంత తక్కువగా ఎందుకుందో బయటపెట్టింది. వాళ్లు స్వయంగా నడిపే బావుల ఫ్లేరింగే రాస్తారు. వేరే కంపెనీ నడిపే బావుల్లో వీళ్లకి వాటా ఉన్నా, ఆ మంట వీళ్ల లెక్కలోకి రాదు. ఆయిల్ ఆదాయంలో మాత్రం వాటా చూపిస్తారు. ఇది ఈ ఒక్క కంపెనీ అలవాటు కాదు, చిన్న ఆయిల్ కంపెనీల్లో చాలా వాటికి బావులు వేరేవాళ్లే నడుపుతారు. అందుకే ఫ్లేరింగ్ సున్నా అని రాసి ఉంటే మొదట చూడాల్సింది ఎవరి బావుల లెక్క అది అని.

అన్నిటికన్నా పనికొచ్చిన జవాబు ఒప్పందం గురించి. గ్యాస్ తీసుకునే లైనులో వీళ్లకి కచ్చితమైన వాటా లేదు, ఖాళీ ఉంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. చలికాలంలో కంప్రెసర్ ఆగినా, ప్లాంటు నిండినా ముందు తోసేసేది ఇలాంటి చిన్నవాళ్ల గ్యాస్‌నే. 62 శాతం ఎందుకు నెలకో రకంగా ఊగుతోందో అప్పుడు తెలిసింది. ఇళ్ల దూరం గురించి జవాబు రాలేదు.

అందుకని మినియాపొలిస్ అబ్బాయికి ఆ పని చెప్పాను. "అక్కా, ఎలాగూ అటువైపు ఫ్రెండ్స్ ఉన్నారు, చూసొస్తా" అని వాట్‌ఫర్డ్ సిటీ వైపు వెళ్లి, పబ్లిక్ రోడ్డు మీద కారాపుకుని వీడియో తీసి పంపాడు. నేను దాన్ని చాలాసార్లు చూశాను. గాలి బాగా వీస్తోంది, మంట నిలువుగా లేదు, గొట్టం కొస నుంచి పక్కకి వంగి నేలకి దాదాపు సమాంతరంగా పోతోంది. కొస దగ్గర మంటకీ గొట్టానికీ మధ్య జానెడు ఖాళీ, అక్కడ రంగు లేని గ్యాస్ వణుకుతున్నట్టు కనపడుతోంది. మంట అంచు నారింజ రంగు, ఆ అంచు నుంచి నల్లటి పొగ సన్నగా లేచి గాలివాటున పోతోంది. వీడియో మధ్యలో ఒకసారి మంట పూర్తిగా మాయమై మళ్లీ అంటుకుంది. గాలి పోయే వైపు, దూరంగా, ఒక ఇల్లూ, దాని పక్కన పార్క్ చేసిన పికప్ బండీ. పిన్ని గారికి ఫోనులో ఆ ముక్క చూపించాను. "ఇంకాస్త దగ్గరగా ఉంటుందనుకున్నాలే, కానీ పొగ అటే పోతోంది కదా" అన్నారు.

ఆ వీడియోలో కనపడిన మూడూ, అంటే గాలికి వంగడం, నల్ల పొగ, ఆరిపోయి వెలగడం, గాలి నాణ్యతకి చాలా ముఖ్యం. ఫ్లేర్‌లోకి వెళ్లిన మీథేన్‌లో 98 శాతం కాలిపోతుందని ఏళ్ల తరబడి లెక్కల్లో వేసుకుంటూ వచ్చారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం విమానంతో బాకెన్, పెర్మియన్, ఈగిల్ ఫోర్డ్ అనే మూడు అమెరికా ఆయిల్ ప్రాంతాల్లో ఫ్లేర్ల మీదుగా ఎగిరి కొలిస్తే, ఆరిపోయిన ఫ్లేర్లని కూడా కలుపుకుని అసలు సామర్థ్యం 91 శాతం దగ్గరే తేలింది. చూడ్డానికి ఏడు శాతమే తేడా, కానీ కాలకుండా తప్పించుకునేది రెండు నుంచి తొమ్మిదయ్యింది, నాలుగున్నర రెట్లు. కంపెనీ రిపోర్టులో ఉద్గారాల అంకె చూసినప్పుడు అది కొలిచిందా, 98 శాతం అనుకుని వేసిందా అని చూడాలి. ఈ కంపెనీది అనుకుని వేసిందే.

ఇక పొగ. బాకెన్ గ్యాస్‌లో మీథేన్ ఒక్కటే కాదు, ప్రొపేన్, బ్యూటేన్ లాంటి బరువైన వాయువులు బాగా ఉంటాయి, గాలి సరిగా కలవకపోతే అవి మసిగా మారతాయి. మసి అంటే పీఎం 2.5, ఊపిరితిత్తుల లోతుకి పోయే ధూళి. దాంతోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు, పూర్తిగా కాలని ఆర్గానిక్ ఆవిర్లు, వాటిలో బెంజీన్. ఎండలో ఈ ఆవిర్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ కలిస్తే నేల మట్టంలో ఓజోన్ తయారవుతుంది. గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న ఫీల్డుల్లో అయితే సల్ఫర్ డయాక్సైడ్ కూడా. ఆరోగ్యం మీద ప్రభావం ఊహ కాదు, టెక్సాస్ ఈగిల్ ఫోర్డ్ ప్రాంతంలో జరిగిన కాన్పుల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, ఐదు కిలోమీటర్ల లోపు రాత్రి ఫ్లేర్లు ఎక్కువగా వెలిగిన చోట ఉన్న గర్భిణులకి నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం ఫ్లేర్లు లేని చోటి కన్నా 50 శాతం ఎక్కువని తేలింది. ఈ సంగతి చెప్పాక పిన్ని గారు షేరు ధర గురించి మాట్లాడటం మానేశారు.

"అక్కడ ఏక్యూఐ ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంది కదక్కా" అని, గాలి నాణ్యత సూచీ చూపించి, అబ్బాయి వాదించాడు. నేను ఒప్పుకోలేదు. గాలి కొలిచే స్టేషను ఎక్కడో దూరంగా ఉంటుంది, చూపించేది చుట్టుపక్కల ప్రాంతం సగటు. గుంటూరు యార్డు ముందు రోడ్డు మీద పోయేవాళ్లకి ఎండుమిర్చి ఘాటు కొంచెం తెలుస్తుంది, లోపల బస్తాల మధ్య నిలబడ్డ హమాలీకి కళ్లమ్మట నీళ్లు కారతాయి, రెండూ ఒకే ఊరి గాలే. ఫ్లేర్‌కి గాలివాటున ఉన్న ఇంట్లో ఏముందో తెలియాలంటే ఆ ఇంటి దగ్గర కొలవాలి. ఉపగ్రహాల డేటా కూడా ఉంది, వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం రాత్రిపూట మంటల వేడిని పట్టుకుంటుంది, ప్రపంచ బ్యాంకు లెక్కలకి ఆధారం అదే. అయితే దాని ఒక్కో చుక్క సుమారు 750 మీటర్ల మేర, మబ్బు పడితే చూడలేదు, చిన్న మంటలు తప్పిపోతాయి. చిన్న కంపెనీ ఫ్లేర్ ఉపగ్రహంలో కనపడలేదంటే లేదని కాదు.

రూల్స్ మారిపోతాయేమో, అప్పుడు ఈ రిస్క్ ఉండదు కదా అని కూడా వాడు అడిగాడు. అమెరికాలో 2024 మార్చిలో కేంద్ర పర్యావరణ సంస్థ కొత్త బావుల దగ్గర రోజువారీ ఫ్లేరింగ్‌ని దశలవారీగా ఆపే నిబంధనలు తెచ్చింది, 2025లో వాటిలో కొన్నింటి గడువులు వెనక్కి జరిగాయి. మీథేన్ మీద టన్నుకి 900 డాలర్లతో మొదలయ్యే రుసుము 2022 చట్టంలో పెట్టారు, 2025లో దాన్ని 2034కి వాయిదా వేశారు. అది ఎలాగూ పెద్ద ఉద్గారాలున్న సంస్థలకే. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇవి ఇటూ అటూ ఊగుతాయి, అందుకే నా లెక్కలో వాటికి ఒక్క డాలరు కూడా వేయలేదు. రూలు సడలినంత మాత్రాన లైను రాదు, ఒప్పందం గట్టిపడదు, గాలివాటున ఉన్న ఇల్లు జరగదు. పశ్చిమ టెక్సాస్‌లో గ్యాస్ ధర 2024లో చాలా రోజులు సున్నా కన్నా కిందకి పోయింది, అంటే గ్యాస్ తీసుకెళ్లడానికి ఎదురు డబ్బులివ్వాల్సిన పరిస్థితి, పైపులైన్లు చాలక. రూలుతో సంబంధం లేకుండానే అక్కడి చిన్న కంపెనీలకి తలపోటు వచ్చింది.

మన దగ్గర లిస్టయిన చిన్న ఆయిల్ షేర్లు ఉన్నవాళ్లూ ఇదంతా అమెరికా కథ అనుకోవద్దు. కేంద్రం పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఆయిల్, గ్యాస్ తవ్వకాలకి ప్రత్యేక ప్రమాణాలున్నాయి. గ్యాస్‌ని కాల్చకుండా గాల్లోకి వదలకూడదు. ఫ్లేర్ గొట్టం కనీసం 30 మీటర్ల ఎత్తుండాలి. పక్క పొలాల్లో పంట దెబ్బతింటుందంటే నేల మీదే కాల్చొచ్చు, అప్పుడు గుంట చుట్టూ కనీసం 5 మీటర్ల ఎత్తున మంటకి తట్టుకునే ఇటుక గోడ, దాని అవతల 100 మీటర్ల వెడల్పున పచ్చని చెట్లు. ఏ ఎత్తులో కాల్చినా నేల మట్టంలో గాలి ప్రమాణాలు దాటకూడదు, పీఎం 2.5కి రోజు సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, సల్ఫర్ డయాక్సైడ్‌కి 80, బెంజీన్‌కి ఏడాది సగటు 5. ఇవన్నీ కొలవగలిగేవి, అడగగలిగేవి. పర్యావరణ అనుమతి వచ్చిన ప్రాజెక్టు ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం పెట్టిన పరివేష్ పోర్టల్‌లో అనుమతి పత్రాలు దొరుకుతాయి. 2016 నుంచి చిన్న ఫీల్డులు వేలం వేస్తూ వచ్చాక చిన్న కంపెనీలు ఈ రంగంలోకి బాగా వచ్చాయి, కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ. కానీ సెబీ వారి సుస్థిరత నివేదిక తప్పనిసరి అయింది మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకే. ఆ గీత కింద ఉన్న చిన్న ఆయిల్ కంపెనీ తన మంట గురించి ఒక్క మాట రాయకపోయినా తప్పు కాదు. అందుకే వార్షిక సమావేశంలో వాటాదారే లేచి అడగాలి. పది షేర్లున్నా ఆ హక్కు ఉంటుంది, ఇప్పుడు చాలా సమావేశాలు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి, గుంటూరు నుంచే అడగొచ్చు.

మళ్లీ కేసు దగ్గరికి. నేను బాబాయ్ గారికి ఇచ్చిన నోటులో రాసింది ఇది: ఇప్పుడున్న ఉత్పత్తి అంకెని నమ్మి ధర కట్టొద్దు, కొత్త బావుల ఆయిల్‌ని పరిమితి పడ్డట్టుగానే లెక్కవేసి చూస్తే షేరు చవక కాదు. లైను కలిశాక, గ్యాస్ అమ్మిన కాలమ్ వరసగా రెండు త్రైమాసికాలు 91 శాతం దాటాక మళ్లీ చూద్దాం. అబ్బాయి తన సొంత డబ్బుతో కొన్నాడు, అది వాడిష్టం. బాబాయ్ గారు ఆ డబ్బుని ప్రభుత్వ బాండ్లలో పెట్టి ఆగారు.

లైను చెప్పిన దానికన్నా బాగా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆ రెండు బావుల్లో ఫ్లేర్ కాలమ్ దాదాపు ఖాళీ అయ్యింది, కంపెనీ దాన్ని గొప్పగా ప్రకటించుకుంది. నేను పక్క కాలమ్ కూడా చూశాను. ఆయిల్ అప్పటికి సగం కన్నా కిందకి పడిపోయి ఉంది. గట్టి రాతి పొరల్లోంచి ఆయిల్ తీసే ఇలాంటి షేల్ బావుల స్వభావమే అంత, మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి నిటారుగా జారిపోతుంది. గ్యాస్ దండిగా వచ్చినన్నాళ్లూ కాల్చేసి, తగ్గిపోయాక లైను కలిపారు. కాలిన గ్యాస్ తిరిగి రాదు, ఆ నెలల్లో గాలివాటున ఉన్న ఇంట్లోవాళ్లు పీల్చిన గాలీ తిరిగి రాదు. ఫ్లేరింగ్ తగ్గింది అన్న వార్త చూసినప్పుడు మంచి పని చేసి తగ్గించారా, బావే నీరసపడి తగ్గిందా అన్నది విడదీసి చూడాలి, దానికి ఒకటే పద్ధతి, కాల్చిన గ్యాస్‌ని ఆయిల్ బ్యారెళ్లతో కలిపి నెలనెలా చూడటం.

ఆ తర్వాత కంపెనీ రెండో జత బావులు మొదలుపెట్టింది. మేం పంపిన ప్రశ్నల వల్లనో, వేరే పెద్ద వాటాదారులు అడగడం వల్లనో, ఈసారి ఇన్వెస్టర్ల నోటులో లైను వేశాకే బావి తెరుస్తాం, గ్యాస్ లైనులో కచ్చితమైన వాటా తీసుకున్నాం అని రాశారు. ఇళ్ల దగ్గర గాలి కొలుస్తారా అన్న ప్రశ్నకి ఇంకా జవాబు లేదు, దాన్ని మళ్లీ పంపాం, పిన్ని గారి మాటల్లోనే, ఇల్లు ఎంత దూరం, గాలి ఎటు అని. బాబాయ్ గారు అనుకున్న మొత్తంలో ఐదో వంతు పెట్టి షేర్లు తీసుకున్నారు. కొత్త బావుల ఆరు నెలల గడువు అయిపోయి గ్యాస్ కాలమ్స్ బయటపడ్డాక, ఆ ఇంటి ప్రశ్నకి జవాబు వచ్చాక మిగతా డబ్బు సంగతి చూద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండిట్లో ఏది రాకపోయినా ఉన్నవి కూడా అమ్మేయమని పిన్ని గారు చెప్పారు, నోటులో ఆ షరతు కూడా చేర్చాను.